వెబ్‌సైట్ల డైరెక్టరీలు: రాయపూర్ సందర్భం

నమ్మదగిన వెబ్‌సైట్లను మనుషులే పరిశీలించి, వర్గాలుగా అమర్చి, వెతికేవారికి అందించే జాబితాను వెబ్ డైరెక్టరీ అంటారు. టిమ్ బెర్నర్స్-లీ 1991లో ప్రారంభించిన వర్చువల్ లైబ్రరీతో మొదలైన ఈ పద్ధతి, 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో రూపొందించిన యాహూతో ప్రజాదరణ పొందింది. సెర్చ్ ఇంజన్ల ధాటికి యాహూ డైరెక్టరీ 2014లోనూ, స్వచ్ఛంద సంపాదకులు నడిపిన డీమోజ్ 2017లోనూ మూతపడ్డాయి.

ప్రభుత్వ సైట్ల విషయంలో మాత్రం డైరెక్టరీ అవసరం తీరలేదు. దళారుల సైట్లు, నకిలీ సైట్లు అసలువాటి పక్కనే కనిపించే చోట, ఏది అధికారికమో చెప్పే జాబితాకు విలువ ఉంటుంది. జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) నిర్వహించే డైరెక్టరీ కేంద్రం, రాష్ట్రాలు, జిల్లాలు, శాసనవ్యవస్థ, న్యాయవ్యవస్థ అనే శాఖలుగా సైట్లను చూపుతుంది.

పాలనా విభాగాలనే మెట్లుగా చేసుకున్న ఈ అమరికలోని చిక్కు రాయపూర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయినప్పుడు 16గా ఉన్న జిల్లాలు 2012లో 27కు, 2022లో 33కు పెరిగాయి. 2012లోనే గరియాబంద్, బలౌదా బాజార్ ప్రాంతాలు రాయపూర్ జిల్లా నుంచి విడిపోయాయి. నిన్నటిదాకా రాయపూర్ పేజీలో దొరికిన సమాచారాన్ని అక్కడివారు ఆ తర్వాత మరో జిల్లా కింద వెతుక్కోవలసి వచ్చింది. 2016లో జిల్లాలను 10 నుంచి 31కి పెంచిన తెలంగాణలోనూ ఇదే జరిగింది. పేర్లు కూడా తక్కువ ఇబ్బంది పెట్టవు: భూరికార్డుల సైటు ఛత్తీస్‌గఢ్‌లో భుఇయాఁ, ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి కాగా, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. పేరు తెలిసినవారికి డైరెక్టరీ అక్కరలేదు, తెలియనివారికి శాఖల చెట్టు ఉపయోగపడదు.

దీనికి మార్గం గ్రంథాలయశాస్త్రంలో ముందే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ ఒక పుస్తకాన్ని ఒకే గూటికి కట్టిపెట్టక, విషయం, స్థలం, కాలం వంటి ముఖాలుగా విడదీసి చూస్తుంది. ఈ పద్ధతిలో అమర్చిన తెరపై భూమి అన్న పని నుంచైనా, రాయపూర్ అన్న ఊరి నుంచైనా మొదలుపెట్టి ఒకే సైటుకు చేరవచ్చు. జిల్లా విడిపోయినా మారేది ఒక్క స్థలముఖమే.

వెతకడం ఒక ఎత్తయితే, దొరికిన సైటు నాణ్యత మరో ఎత్తు. 2009లో వెలువడిన భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు సైటు ఎవరిదో తెలపడం, తాజాపరిచిన తేదీ వేయడం, పనిచేయని లింకులు లేకుండా చూడడం, అంగవైకల్యం ఉన్నవారికి అందుబాటు కల్పించడం వంటి నియమాలు విధించాయి. వాటిని పాటించిన సైట్లకు ఎస్‌టీక్యూసీ సంస్థ నాణ్యతా ధ్రువపత్రం ఇస్తుంది. 2023 నాటి మూడో కూర్పు ఈ నియమాలను మొబైల్ యాప్‌లకూ విస్తరించింది.