మిస్సమ్మకు మొగుడెందుకు?

తిరుపతిలో దేవస్థానం వారి ఆడపిల్లల కాలేజీ 1952లో వెలిసింది. మూడేళ్ళకు, 1955లో, ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’ వచ్చింది. మూలం బెంగాలీ నాటకమైనా, బి.ఏ. చదివిన మేరీ మన పక్కింటి పిల్లే. ఇంటి అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి. బడిలో కొలువేమో మొగుడూ పెళ్ళాలకేనట! ఇంకేముంది, రామారావుతో దొంగకాపురం. భానుమతి చేజారిన ఆ వేషంలో సావిత్రి మూతి ముడిస్తే చాలు, ఇవాళ్టికీ మనకు నవ్వాగదు. మేరీ కాస్తా మహాలక్ష్మి అయిపోయినప్పుడు మాత్రం, పెంచినవాళ్ళు గుర్తొచ్చి నాకు గుండె కలుక్కుమంటుంది.

మా అమ్మమ్మకైతే ఆ ఉద్యోగ ప్రకటన దగ్గరే కళ్ళు చెమర్చేవి. బి.ఏ. పట్టా ఆవిడకూ ఉండేది, ట్రంకుపెట్టె అడుగున.

“ఆ పిల్లకు మొగుడుంటేనే ఉద్యోగమన్నారు. నాకు మొగుడొచ్చినాకే వద్దన్నారు కదమ్మా!” అనేది.