ఎవరెస్టు అధిరోహణ (2014), పూర్ణ, ఆనంద్‌ల

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన యాత్ర. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. భువనగిరి బండపై మొదలైన వీరి శిక్షణ డార్జిలింగ్, లడఖ్‌ల మంచుకొండలపై సాగింది.

రుతుపవనాలకు ముందు, మే నెలలో, శిఖరంపై పెనుగాలులు కొద్దిరోజులు తగ్గుతాయి. ఎక్కువ మంది ఎక్కేది అప్పుడే. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు దారిలోని ఖుంబూ వద్ద మంచుచరియలు విరిగిపడి 16 మంది పర్వతారోహణ సహాయకులు మరణించారు. పూర్ణ బృందం మాత్రం టిబెట్ వైపు ఉత్తర మార్గంలో ఎక్కింది.

అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అతి పిన్న వయస్కురాలు ఆమే. ఈ యాత్ర ఆధారంగా రాహుల్ బోస్ దర్శకత్వంలో ‘పూర్ణ’ హిందీ చిత్రం 2017లో విడుదలైంది.