మౌస్ పట్టుకుంటే మణికట్టు లాగేస్తోందా..? ఎర్గోనామిక్ మౌస్ కొనేముందు ఇవి చూసుకోండి

ఐటీ ఉద్యోగులు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు, వీడియో ఎడిటర్లు.. రోజంతా మౌస్ వదలని వాళ్లకు మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిర్లు మామూలైపోయాయి. ఒకే కదలికను పదే పదే చేయడం వల్ల వచ్చే ఈ సమస్యనే రిపిటీటివ్ స్ట్రెయిన్ ఇంజురీ (ఆర్‌ఎస్‌ఐ) అంటారు. నొప్పి మొదలవగానే చాలామంది ఆన్‌లైన్‌లో వర్టికల్ మౌస్ ఆర్డర్ పెట్టేస్తున్నారు. అయితే నొప్పి ఎక్కడుందో చూసుకోకుండా కొంటే డబ్బులు దండగే.

మామూలు మౌస్ పట్టుకున్నప్పుడు అరచెయ్యి పూర్తిగా కిందికి తిరుగుతుంది. దాంతో ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదానిపై ఒకటి మెలిపడతాయి. ముంజెయ్యి లాగుతున్నవాళ్లకు వర్టికల్ మౌస్ పనికొస్తుంది. షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకుంటాం కాబట్టి ఆ మెలిక తగ్గుతుంది. లాజిటెక్ ఎంఎక్స్ వర్టికల్‌లో ఈ వంపు 57 డిగ్రీలు. కానీ చిన్న చేతులకు అది పెద్దదైపోతుంది. అలాంటివాళ్ల కోసం అదే కంపెనీ లిఫ్ట్ మోడల్ తెచ్చింది. ఇందులో ఎడమచేతి వాటం వాళ్లకూ వేరే వెర్షన్ ఉంది. సైజు కుదరకపోతే ఎంత ఖరీదైన మౌస్ అయినా వేళ్లు బిగబట్టి పట్టుకోవాల్సిందే.

భుజం నొప్పి ఉంటే ట్రాక్‌బాల్ బెటర్. మౌస్ కదలదు, బాల్ తిప్పితే చాలు. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లు మాత్రం బొటనవేలితో తిప్పే మోడల్స్ జోలికి పోవద్దు. కెన్సింగ్‌టన్ ఎక్స్‌పర్ట్ మౌస్ లాంటి వాటిలో పెద్ద బాల్‌ను మిగతా వేళ్లతో తిప్పుకోవచ్చు.

అన్నట్టు, భుజం నొప్పికి కీబోర్డు కూడా కారణం కావచ్చు. కుడివైపు నంబర్ ప్యాడ్ వల్ల మౌస్ దూరం జరిగిపోతుంది, చెయ్యి చాపాల్సి వస్తుంది. అకౌంట్స్ పని లేనివాళ్లు నంబర్ ప్యాడ్ లేని కీబోర్డు తీసుకుంటే సరిపోతుంది. పైసా ఖర్చు లేని మార్గాలూ ఉన్నాయి. పాయింటర్ స్పీడ్ కాస్త పెంచితే చెయ్యి కదపడం తగ్గుతుంది. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో క్లిక్‌లాక్ ఆన్ చేస్తే బటన్ నొక్కి పట్టుకోకుండానే డ్రాగ్ చేయొచ్చు. జెల్ ప్యాడ్‌పై మణికట్టును అదిమిపెట్టి మౌస్ తిప్పే అలవాటు మానాలి. అక్కడే మీడియన్ నరం వెళ్తుంది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలికి తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా అది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కావచ్చు. దానికి వర్టికల్ మౌస్ మందు కాదు. ఆలస్యం చేస్తే బొటనవేలి కింది కండ బలహీనపడుతుంది కాబట్టి ఆర్థోపెడిక్ లేదా న్యూరాలజీ డాక్టర్‌ను కలవాలి. అవసరమైతే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేసి నరం ఎంత దెబ్బతిందో చెబుతారు.