మానవ చైతన్యం: నిర్వచనంలోని చిక్కు

తనలో, తన చుట్టూ జరుగుతున్నది మనిషికి తెలుస్తూ ఉండటాన్ని చైతన్యం అంటారు. నిఘంటువుకు ఇది సరిపోతుంది, శాస్త్రానికి సరిపోదు. ఆ ‘తెలియడం’ ఏమిటన్నదే అసలు ప్రశ్న కాబట్టి నిర్వచనం మళ్లీ మొదటికే వస్తుంది. మెలకువనే చైతన్యమందామంటే కలలు అడ్డొస్తాయి.

గాఢనిద్ర విషయంలో భారతీయ దర్శనాలు ఏనాడో వాదానికి దిగాయి. జ్ఞానం ఆత్మకు ఒక గుణమనీ, గాఢనిద్రలో అది ఉండదనీ న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు అన్నారు. హాయిగా నిద్రపోయానని లేచాక చెప్పగలుగుతున్నామంటే ఆ నిద్రకూ సాక్షి ఉన్నట్టేనని అద్వైతులు బదులిచ్చారు. ఈ వాదం నేటికీ తేలలేదు.

అనుభవం లోపలి నుంచే తెలుస్తుంది, శాస్త్రం బయటి నుంచి చూస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. గబ్బిలం మెదడును ఎంత శోధించినా గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందో తెలియదని తత్వవేత్త థామస్ నేగెల్ 1974లో వాదించాడు. మెదడు పనితీరును పూర్తిగా వివరించినా దానితోపాటు అనుభవం ఎందుకు కలుగుతోందన్న ప్రశ్న మిగులుతుందని మరో తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో చూపాడు. చైతన్యానికి ఆధారమైన నాడీ ప్రక్రియ 25 ఏళ్లలో దొరుకుతుందని నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోచ్ 1998లో ఆయనతో పందెం కాసి, 2023లో ఓటమి ఒప్పుకున్నాడు.

ఆసుపత్రి మాత్రం నిర్వచనం కోసం ఆగలేదు. 1974లో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించిన గ్లాస్గో కోమా స్కేలు కళ్లు తెరవడం, మాట్లాడటం, శరీరం కదపడం అనే మూడింటికి కలిపి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తుంది. తలకు దెబ్బ తగిలినవారి ప్రాణం కాపాడటానికి ఇది ఎంతో అవసరమైన కొలత. అయితే అది కొలిచేది పైకి కనిపించే స్పందనను మాత్రమే.

పైకి కనిపించే స్పందనకూ లోపలి చైతన్యానికీ తేడా ఎంత పెద్దదో 2006లో బయటపడింది. రోడ్డు ప్రమాదం జరిగి ఐదు నెలలైనా 23 ఏళ్ల యువతి ఏ మాటకూ స్పందించడం లేదు. కళ్లు తెరుస్తుంది, అంతే. కేంబ్రిడ్జ్‌లో నాడీశాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం ఆమెను స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. కదలికలకు సన్నాహం చేసే మెదడు భాగం చురుకైంది. ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నప్పుడు వేరే భాగాలు మేల్కొన్నాయి. ఆరోగ్యవంతుల మెదళ్లూ సరిగ్గా అలాగే పనిచేశాయి. మాట చెవిన పడగానే యాంత్రికంగా పుట్టిన ప్రతిచర్య అని కొందరు అనుమానించారు. కానీ ఆ చురుకుదనం 30 సెకన్ల పాటు, ఆపమనేదాకా నిలిచింది. 2010లో మరో రోగి ఇవే రెండు ఊహలను అవును, కాదు అనే జవాబులుగా వాడి ప్రశ్నలకు బదులిచ్చాడు.

2024లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, ఆదేశాలకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది మెదళ్లు ఆదేశాన్ని పాటించాయి. నిర్వచనం ఎప్పటికి కుదిరినా, స్పందన లేనంత మాత్రాన చైతన్యం లేదని తేల్చడం తప్పని ఇప్పటికే రుజువైంది.