బస్సు ఎవరిది?

2025 మే 16న న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు డ్రైవర్లు సమ్మెకు దిగారు. 20వ తారీఖు దాకా రైళ్లు లేవు. ఆ రోజుల్లో ప్లెయిన్స్‌బరోలో మన రూముల్లో ఒకటే వాదన. అంతా ఒకే సర్కారు సంస్థ చేతిలో పెడితే ఇట్లాగే ఉంటుంది, ప్రైవేటుకిచ్చి పారేయాలని కొందరు. ఆర్టీసీ పాసు లేకపోతే మనం పదో తరగతి దాకా అయినా వచ్చేవాళ్లమా అని ఇంకొందరు. ఈ వాదన మన రూముల్లో పుట్టింది కాదు. దీని మీద మన రాష్ట్రంలో ఒక ముఖ్యమంత్రి కుర్చీయే పోయింది.

ముందు ఇక్కడి సంగతి. ఇక్కడ బస్సులూ రైళ్లూ ఒకప్పుడు కంపెనీలవే. జనం కార్లెక్కాక నష్టాలొచ్చి చేతులెత్తేశాయి. 1979లో రాష్ట్రం చట్టం చేసి ఈ సంస్థను పెట్టింది. 1980లో పెద్ద బస్సు కంపెనీని కొన్నది, 1983లో లోకల్ రైళ్లు తన చేతికి తీసుకుంది. అంటే ఎవరికీ అక్కర్లేని బరువును సర్కారు నెత్తికెత్తుకుంది.

మన దగ్గర కథ తిరగబడింది. నిజాం రాజ్యంలో 1932లోనే రైల్వే వాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టారు, కాబట్టి అటువైపు సర్కారు బస్సు కొత్తేమీ కాదు. ఆంధ్ర వైపు బస్సంటే ఓనరుదే. పర్మిట్ ఉంటే ఇంట్లో పాడిగేదె ఉన్నట్టే. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ఆ ఏడాదే కృష్ణా జిల్లా ఓనర్లు మా రూట్లు లాక్కుంటున్నారని సుప్రీంకోర్టుకెళ్లారు.

సర్కారు ఒక్కటే బస్సులు నడపడం తప్పని కోర్టు అనలేదు. 1951లో రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణే అందుకు దారి ఇచ్చింది. కోర్టు పట్టుకున్నది వేరే సంగతి. ఓనర్ల అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ చూసే కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. కంబీ కట్టుడు చూసినవాడొకడు, స్లాబుకు సంతకం పెట్టేవాడొకడు అయితే ఎట్లా? పైగా ఆ చూసినవాడు కాంట్రాక్టరు మనిషే! కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. తర్వాత ముఖ్యమంత్రే కూర్చుని విన్నారు. 1959లో కోర్టు సరేనంది, బస్సులు ఆర్టీసీవయ్యాయి.

ఆ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయన రెండోసారి ఆ పదవిలో ఉండగా కర్నూలు రూట్ల గొడవ వచ్చింది. ముందనుకున్న జిల్లాల వరస మార్చి కర్నూలును ముందుకు తెచ్చారనీ, అక్కడి ఓనర్లలో తనకు గిట్టనివాళ్లున్నారు కాబట్టే ఇలా చేశారనీ ఆరోపణ. ఆయన కాదని ప్రమాణ పత్రం వేయలేదు. వేయలేదు కాబట్టి నమ్మాల్సి వస్తుందని సుప్రీంకోర్టు ఆ స్కీమును రద్దు చేసింది. 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. (1977లో అదే మనిషి రాష్ట్రపతి అయ్యారు, అది వేరే కథ.)

మా లెక్కలో ఆర్టీసీ రావడం మంచిదే. నలుగురు ఎక్కే పల్లెకు నైట్ హాల్ట్ బస్సు ఏ ఓనరూ వేయడు. కానీ ఒక్కడి చేతికే అంతా ఇచ్చినప్పుడు, ఆ ఒక్కడు అడిగినదానికి జవాబు చెప్పాలి. కర్నూలు కేసులో లేనిది ఆ జవాబే.

2019లో మళ్లీ చూశాం. తెలంగాణలో కార్మికులు అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె చేస్తే, సర్కారు 5,100 రూట్లు ప్రైవేటుకిస్తామంది. పక్కనే ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకున్నారు. ఒకే తల్లి బిడ్డలు, రెండు దారులు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని రకాల బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి. ఆ డబ్బు సర్కారు ఆర్టీసీకి సరిగ్గా కడుతోందా లేదా అన్నదే ఇక అడగాల్సింది.

అన్నలారా, తమ్ముళ్లారా, మీ ఊరికి ఆర్టీసీ ఏ ఏడాది వచ్చింది? అంతకుముందు ఎవరి బస్సు తిరిగేది? ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్లనడిగి కింద రాయండి.