ఒత్తిడి హార్మోన్లు, వ్యక్తిత్వం, జ్ఞాపకశక్తి

ఒత్తిడి వల్ల మతిమరుపు వస్తుందంటారు. ప్రాణభయం కలిగిన రోజును జన్మలో మరిచిపోలేమనీ అంటారు. రెండింటికీ ప్రయోగశాలల్లో గట్టి ఆధారాలున్నాయి కాబట్టి ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అని తేల్చడం కుదరదు. ఒత్తిడి హార్మోన్ చేరే వేళకు మెదడు కొత్తది నేర్చుకుంటోందా, నేర్చినదాన్ని పదిలపరచుకుంటోందా, పాతదాన్ని వెతుక్కుంటోందా అన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. వ్యక్తిత్వం ప్రధానంగా ఆ హార్మోన్ ఎంత, ఎన్నిసార్లు వస్తుందో మార్చి, దాని ద్వారా జ్ఞాపకశక్తి మీద పనిచేస్తుందనడమే ఇప్పటికున్న ఆధారాలకు బాగా సరిపోతుంది.

కలవరపాటు మొదలైన క్షణాల్లోనే మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. అది రక్తం నుంచి మెదడులోకి సులువుగా పోలేదు. వేగస్ నాడి కబురు మోస్తే మెదడు తనలోనే నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేసుకుంటుంది. అవే గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ మాత్రం నెమ్మదిగా, 20–30 నిమిషాలకు పతాకస్థాయికి చేరుతుంది, మెదడులోకి నేరుగా వెళ్తుంది. కొత్త జ్ఞాపకాలు రూపుకట్టడానికి కీలకమైన హిప్పోక్యాంపస్ ఈ జాతి హార్మోన్‌ను పట్టి ఉంచుకుంటుందని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఎలుకల్లో చూపింది. ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలాలో రెండు హార్మోన్ల ప్రభావమూ కలిసినప్పుడు అప్పుడే జరిగినది గట్టిగా నాటుకుంటుంది. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా తదితరులు, ప్రమాదానికి గురైన ఒక బాలుడి కథను బొమ్మలతో చూపించారు. నార్‌అడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రొప్రనలాల్‌ను ముందే మింగినవారికి వారం తర్వాత కథలోని మామూలు భాగాలు ఇతరులకు గుర్తున్నట్టే గుర్తున్నాయి. ప్రమాద ఘట్టానికి ఉండాల్సిన అదనపు పట్టు మాత్రం కనిపించలేదు.

పాతదాన్ని వెతికే వేళకు ఇదే కార్టిసాల్ అడ్డం తిరుగుతుంది. డొమినిక్ డి కెర్వాన్ బృందం 1998లో ఎలుకలకు నీటితొట్టిలో దాగిన తిన్నెను చేరడం నేర్పి, మర్నాడు పరీక్షకు ముందు చిన్న విద్యుదాఘాతం ఇచ్చింది. రెండు నిమిషాల ముందు ఇచ్చినా, నాలుగు గంటల ముందు ఇచ్చినా దారి గుర్తుంది. 30 నిమిషాల ముందు ఇస్తేనే తడబడ్డాయి. అంటే హార్మోన్ ఉవ్వెత్తున ఉన్నప్పుడే అన్నమాట. 2000లో మనుషులకు, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇచ్చి చూసినప్పుడూ, ముందురోజు నేర్చుకున్న మాటలు తక్కువగా గుర్తొచ్చాయి. పరీక్ష హాలులో ఎంతకీ తట్టని జవాబు ఇంటికొచ్చాక తట్టడానికి ఇదొక వివరణ. అలాంటి విద్యార్థిని చదవలేదని నిందించడం అన్యాయం.

ఒకే హాలులో కొందరే ఎందుకు తడబడతారు? క్లెమెన్స్ కిర్ష్‌బామ్ బృందం 1995లో 20 మంది పురుషులను వరుసగా ఐదు రోజులు పరాయివాళ్ల ముందు ప్రసంగించమని, నోటిలెక్కలు చేయమని అడిగింది. తొలిరోజు కార్టిసాల్ దాదాపు అందరిలో పెరిగింది. రెండోరోజు నుంచి 13 మంది అలవాటుపడ్డారు. తక్కిన ఏడుగురిలో అది రోజూ ఎగిసింది, తమను తాము తక్కువగా చూసుకునే గుణం వీరిలో ఎక్కువ. ఆందోళన స్వభావాన్ని ప్రశ్నావళితో కొలిస్తే కార్టిసాల్‌తో నిలకడైన సంబంధం దొరకడం లేదన్నది న్యాయమైన అభ్యంతరమే. అయితే చాలా అధ్యయనాలు ఒక్కసారి కొలిచి ఊరుకుంటాయి. కొత్త పరిస్థితి ఎవరినైనా కదిలిస్తుంది కాబట్టి స్వభావ భేదం మొదటిరోజు మరుగునపడి, పదేపదే ఎదురైనప్పుడే బయటపడుతుంది. 20 మంది చిన్న సంఖ్యే, దాన్నిబట్టి ఫలానావారి జ్ఞాపకశక్తి ఇంత అని చెప్పలేం. భేదాన్ని ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం దీర్ఘకాల ఒత్తిడి గురించినది. అది ఎలుకల హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలను కురచ చేస్తుంది. ఒత్తిడి తీరాక అవి చాలావరకు తిరిగి పెరుగుతాయి. యుద్ధభయం వీడని సైనికుల్లోనూ ఆ భాగం చిన్నగా కనబడింది గనుక అసలు కారణం కార్టిసాలేనని, స్వభావం లెక్కలోకి రాదని వాదించవచ్చు. 2002లో మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం వియత్నాం యుద్ధానికి వెళ్లినవారిని, వెళ్లని వారి సమరూప కవలలతో పోల్చింది. తీవ్రమైన మానసిక గాయంతో ఉన్న సైనికుల కవలలు యుద్ధమే చూడకున్నా, వారిలోనూ హిప్పోక్యాంపస్ చిన్నదిగానే ఉంది. ఎలుకల ఫలితం దీంతో చెల్లకుండా పోదు. కానీ మనుషుల్లో ఒత్తిడికి ముందే ఉన్న తేడాను దాని ఫలితంగా పొరబడే ప్రమాదం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ చిక్కు వీడాలంటే ఒత్తిడి ఎదురుకాక ముందు నుంచే అవే మనుషులను ఏళ్ల తరబడి కొలవాలి.