మీట నొక్కిన వార్త ఎవరికి చేరును?

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో చేనేత పనివారు తరతరములుగా ఉన్నారు. గుంట మగ్గమున కూర్చున్న నేతగాడు కాలితో ఒక చెక్కను త్రొక్కగనే, దానికి త్రాళ్లతో కట్టబడిన పడుగు పోగులు మాత్రమే కదలును. ఏ చెక్క ఏ పోగులను కదల్చవలెనో ముందుగా కట్టిన త్రాడే నిర్ణయించును. త్రాడు లేనిచో ఎంత బలముగా త్రొక్కినను పోగు కదలదు.

కంప్యూటరు మీటల విషయమున కూడ ముఖ్యమైన ప్రశ్న ఇదియే. నొక్కిన మీట దేనికి కట్టబడి ఉన్నది? వెబ్ పుటలలో ఈ ప్రశ్నకు అందరు అంగీకరించిన సమాధానము కుదురుటకు దాదాపు ఇరువది సంవత్సరములు పట్టినది. ఆ కాలమంతయు ఇబ్బంది పడినవారు ముఖ్యముగా చూపు లేనివారు, చేతులు స్వాధీనములో లేనివారు.

ఒక మీట, ఒక అచ్చు

అమెరికాలో షోల్స్ రూపొందించిన టైపు యంత్రమును రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకమునకు తెచ్చినది. అందులో మీటకును, అక్షరపు అచ్చుకును నడుమ ఒక లోహపు కడ్డీ ఉండెడిది. మీట నొక్కిన అచ్చు లేచి కాగితమును కొట్టును. కంప్యూటర్లు రాకపూర్వము మన పట్టణములలో ఉద్యోగము కోరిన యువకులు నేర్చుకొన్నది ఇట్టి యంత్రములనే. ఒక యంత్రము, ఒక కాగితము, ఒక అచ్చు. ఇక్కడ సందేహమునకు తావు లేదు.

కంప్యూటరులో ఆ కడ్డీ లేదు. మీట నొక్కినప్పుడు కీబోర్డు ఒక సంఖ్యను మాత్రమే పంపును. ఆ సంఖ్యను ఎవరికి అందజేయవలెనో యంత్రములోని ప్రోగ్రాము నిర్ణయించవలెను. తెరపై ఒకే పని సాగుచున్నంత కాలము ఇదియు సులభమే. 1968 డిసెంబరు 9న ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌసును ప్రదర్శించెను. 1973లో జిరాక్సు పరిశోధనాలయమున ఆల్టో యంత్రము తయారైనది. తెరపై అనేక కిటికీలు తెరచుకొనగనే, నొక్కిన అక్షరము ఏ కిటికీకి చేరవలెనను ప్రశ్న పుట్టినది.

దీనికి కనుగొన్న ఉపాయమే ‘ఫోకసు’. ఒక సమయమున తెరపై ఒక్క వస్తువునకే ఫోకసు ఉండును. మీటల వార్తలన్నియు దానికే చేరును. మౌసుతో నొక్కినను, టాబ్ మీటతో ముందుకు జరిపినను ఫోకసు ఒకదాని నుండి మరియొకదానికి మారును. అయితే మౌసుపై మోజు ఎంతగా ఉండెననగా, 1984లో వచ్చిన మొదటి మాకింటాష్ కీబోర్డుపై బాణపు గుర్తుల మీటలే లేవు. అందరును మౌసునే వాడవలెనని తయారీదారుల కోరిక.

వెబ్ పుటలు, బొమ్మ తలుపులు

1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయమున వెబ్‌ను ప్రతిపాదించెను. తొలి పుటలలో చదువుటకు అక్షరములు, వేరొక పుటకు పోవుటకు లంకెలు మాత్రమే ఉండెడివి. 1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయమున పుట్టిన లింక్స్ బ్రౌజరును మీటలతోనే సంపూర్ణముగా నడుపవచ్చును. పిమ్మట దరఖాస్తు ఫారములు వచ్చినవి. అక్షరములు నింపు గడులకు, బటన్లకు, లంకెలకు ఫోకసు సహజముగనే లభించినది.

చిక్కు 1995లో జావాస్క్రిప్టు పుట్టుకతో ఆరంభమైనది. ఈ భాష సహాయమున పుటలోని ఏ ముక్కనైనను మౌసు నొక్కునకు బదులు పలుకునట్లు చేయవచ్చును. కనుక అనేకులు నిజమైన బటనును విడిచి, ‘డివ్’ అను వట్టి పెట్టెకు రంగు పూసి బటనువలె కనబడునట్లు చేసిరి. ఇది గోడపై తలుపు బొమ్మ గీసినట్టిది. మౌసు గలవారికి ఆ తలుపు తెరచుకొనును. మీటలతో నడుచువారికి అది గోడయే, ఏలయనగా ఆ పెట్టెకు ఫోకసు రాదు. ఫోకసు రానిచో మీట వార్త దానికి చేరదు.

1997 డిసెంబరులో వెలువడిన హెచ్.టి.ఎమ్.ఎల్. నాల్గవ ప్రమాణము ‘టాబ్‌ఇండెక్స్’ అను గుణమును చేర్చినది. కాని అది లంకె, బటను, నింపు గడి మొదలైన ఏడు రకముల వస్తువులకు మాత్రమే వర్తించెను. 1999లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐదవ కూర్పు దీనిని అన్ని వస్తువులకు విస్తరింపజేసినది. 2005లో ఐ.బి.ఎమ్. సంస్థ తోడ్పాటుతో ఫైర్‌ఫాక్స్ 1.5 అదే మార్గమును అనుసరించెను. 2014 అక్టోబరు 28న వెలువడిన హెచ్.టి.ఎమ్.ఎల్. ఐదవ ప్రమాణమున ఈ హక్కు అన్ని వస్తువులకు అధికారికముగా సంక్రమించినది.

దీని పద్ధతి సులభము. టాబ్‌ఇండెక్స్ విలువ 0 అయినచో, ఆ వస్తువు పుటలో తన వరుస రాగానే టాబ్ మీటకు అందును. విలువ -1 అయినచో టాబ్‌కు అందదు గాని, ప్రోగ్రాము కోరినప్పుడు ఫోకసు పొందగలదు. 1, 2, 3 వంటి విలువలు ఇచ్చినచో పుట వరుస తారుమారై చదువరి తికమక పడును. అందుచే వానిని వాడరాదని నిపుణుల సలహా.

ఫోకసు ఉన్న వస్తువునకు చేరిన వార్త అక్కడితో ఆగదు. పెట్టెలో పెట్టె అమర్చినట్లు పుటలోని వస్తువులు ఒకదానిలో ఒకటి ఉండును. లోపలి పెట్టెకు అందిన వార్త దానిని చుట్టిన పెట్టెకు, ఆపై దానిని చుట్టిన పెట్టెకు, చివరకు పుట మొత్తమునకు చేరును. దేనికిని ఫోకసు లేనప్పుడు వార్త పుట దేహమునకే పోవును. కనుక పుటకంతటికి ఒక సత్వర మీటను ఏర్పరచదలచినవారు పై పెట్టె యొద్దనే వినవచ్చును.

ఇక ఫోకసు ఇచ్చినంత మాత్రమున డివ్ పెట్టె బటను కాజాలదు. నిజమైన బటను ఎంటర్ మీట నొక్కగనే పని చేయును. స్పేసు మీటకైతే వ్రేలు ఎత్తినప్పుడు పని చేయును. మామూలుగా స్పేసు నొక్కినచో పుట క్రిందికి జరుగును. ఆ జరుగుటను కూడ ఆపవలెను. ఇదంతయు చేతితో వ్రాయుటకంటె నిజమైన బటనును వాడుటయే మేలు.

‘జె’ మీటా? ‘ర’ అక్షరమా?

వార్త చేరినను, అందులోని మాట అర్థము కావలెను గదా. 2000 నవంబరు నాటి ప్రమాణములో మౌసు సంఘటనలకు చోటు దొరికినది గాని మీటలకు దొరకలేదు. బ్రౌజర్లు తమకు తోచిన సంఖ్యలను పంపెను. సెమికోలన్ మీటకు ఒక బ్రౌజరు 186 అనగా, మరియొకటి 59 అనెను.

తెలుగువారికి ఇందులో వేరొక చిక్కు కలదు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికము చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో, ఇంగ్లీషు ‘జె’ ఉన్న మీట నొక్కిన ‘ర’ పడును. ‘కె’ ఉన్న మీటకు ‘క’ పడును. తరువాతి ప్రశ్నకు పోవుటకు ‘జె’ నొక్కుడని ఒక పుట చెప్పినదనుకొందము. కీబోర్డును తెలుగునకు మార్చుకొన్న విద్యార్థి ఆ మీటనే నొక్కును, పుటకు చేరునది ‘ర’. పుట కదలదు. అందుచే నేటి ప్రమాణము రెండు సంగతులను విడదీసి తెలుపును. ‘కీ’ అనునది పడిన అక్షరమును, ‘కోడ్’ అనునది నొక్కిన మీట స్థానమును చెప్పును. తెలుగు వ్రాసిన విద్యార్థి మీటకు మొదటిది ‘ర’ అనును. రెండవది ‘జె స్థానము’ అనును.

ఇది ఎవరి అవసరము?

చూపు లేనివారు తెరను చదివి వినిపించు ప్రోగ్రాములను వాడుదురు. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ మిత్రులు 2006లో ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. అట్టిది. దానిని ఉచితముగా పొందవచ్చును. ఈ ప్రోగ్రాము పుట కంటె ముందుగనే కొన్ని మీటలను అందుకొనును. చదువు వేళ ‘హెచ్’ నొక్కిన తరువాతి శీర్షికకు తీసికొనిపోవును. ఫోకసు రాని బొమ్మ బటను ఎదురైనచో అది బటనని ఈ ప్రోగ్రామునకును తెలియదు. అట్టి వస్తువు స్వభావమును పేర్కొనుటకై 2014 మార్చిలో ఏరియా అను ప్రమాణము వెలువడినది.

వెబ్ పుటలోని ప్రతి పనియు మీటలతో జరుగవలెననియు, ఫోకసు ఎక్కడను చిక్కుపడి నిలిచిపోరాదనియు 2008 డిసెంబరులో అంతర్జాతీయ మార్గదర్శకములు నిర్దేశించెను. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సమాచారము అందరికి అందుబాటులో ఉండవలెనని చెప్పుచున్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగపు 21వ అధికరణము క్రింది జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. ఆమ్ల దాడికి గురియైనవారును, చూపు లేని ఒక పురుషుడును వేసిన వ్యాజ్యములపై వచ్చిన తీర్పు అది.

పులివెందులలో 2006లో సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల ఏర్పడినది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. అట్టి చోట్ల చదివిన యువకులు రేపు దేశమునకంతటికి దరఖాస్తు పుటలను రచింపవచ్చును. తాము చేసిన పుటను పరీక్షించుటకు గొప్ప పరికరము ఏదియు అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ చేయగల ప్రయోగమిది: మౌసును ప్రక్కకు నెట్టి, టాబ్, ఎంటర్, స్పేసు, బాణపు మీటలతోనే ఒక పుటను మొదటి నుండి చివరి వరకు నడిపి చూడవలెను. ఫోకసు ఎక్కడ ఉన్నదో ప్రతి అడుగున కనబడవలెను. అది కనబడని చోట, లేక ఆగిపోయిన చోట, ఎవరో ఒకరికి త్రాడు కట్టుట మరచినారని గ్రహింపవలెను.